డీజిల్ పికప్ వాహనానికి పెద్ద ఎయిర్ ఫిల్టర్: లాభమెంత, నష్టమెంత?

(బెంగళూరు నగరంలో సరకు వాహనాలు నడిపే తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



తెల్లవారుజామున మార్కెట్లో కూరగాయలు దింపి, మళ్ళీ మధ్యాహ్నపు బాడుగకు బయలుదేరవలసిన వేళలో మీరు ఈ సమావేశానికి వచ్చారు. అందుకు ముందుగా కృతజ్ఞతలు. ఈ సభలో తరతరాలుగా ఈ నగరంలోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు ఉన్నారు. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు ప్రాంతాల నుంచి ఇటీవలి కాలంలో వచ్చినవారూ ఉన్నారు. ఎవరు ఎప్పుడు వచ్చినా, ఇక్కడ ఉన్న చాలామంది ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నది ఒక చిన్న డీజిల్ పికప్ వాహనం మీద. ఆ వాహనం మీద అప్పు ఉంటుంది. నెలనెలా వాయిదా ఉంటుంది. బండి పది రోజులు షెడ్డులో నిలిచిపోతే ఆ నెల ఇంటి అద్దెకు, పిల్లల ఫీజుకు తడుముకోవలసి వస్తుంది. కనుక బండి ఇంజను గురించి మాట్లాడడమంటే కుటుంబం గురించి మాట్లాడడమే.

ఈ మధ్య మన డ్రైవర్ల మధ్య ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. కంపెనీ ఇచ్చిన ఎయిర్ ఫిల్టర్ పెట్టె తీసివేసి, దాని స్థానంలో బయట దొరికే పెద్ద ఫిల్టర్ బిగిస్తే బండికి లాగుడు పెరుగుతుందని, మైలేజీ వస్తుందని, పొగ తగ్గుతుందని అంటున్నారు. సామాను అమ్మే దుకాణదారు అదే చెబుతాడు. ఫోనులో చూసే వీడియోలూ అదే చెబుతాయి. ఈ మాటలో నిజమెంత, అది ఎక్కడ వర్తిస్తుంది, మన బండికి వర్తిస్తుందా అన్నవి ఈరోజు పరిశీలిద్దాం. నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం ఒక్కటే. ఎయిర్ ఫిల్టర్ మొదటి పని ధూళిని ఆపడం. ఆ పనిని బలహీనపరిచే ఏ మార్పు అయినా, మొదట్లో ఎంత హుషారుగా కనిపించినా, చివరకు ఇంజను ఆయుష్షును తింటుంది.

ఇంజను పీల్చే గాలి

మొదట లెక్క చూద్దాం. ఒక లీటరు డీజిల్ పూర్తిగా మండడానికి కనీసం పది వేల లీటర్ల గాలి కావాలి. డీజిల్ ఇంజను ఎప్పుడూ అవసరానికి మించి గాలి తీసుకుంటుంది కనుక వాస్తవంలో ఇంకా ఎక్కువే పీలుస్తుంది.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే బొలెరో పికప్ ఇంజను సామర్థ్యం సుమారు రెండున్నర లీటర్లు. ఇటువంటి ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరిగేటప్పుడు, టర్బో సాయం లేకుండానే 3,700 లీటర్లకు పైగా గాలి పీల్చగలదు. టర్బో మరో సగం అదనంగా నెడుతుందని అనుకుంటే నిమిషానికి సుమారు 5,600 లీటర్లు అవుతుంది. విశ్రాంతిగా కూర్చున్న మనిషి నిమిషానికి ఏడెనిమిది లీటర్ల గాలి పీలుస్తాడు. అంటే సరకు నింపుకొని ఎత్తు ఎక్కుతున్న ఒక పికప్, సుమారు ఏడువందల మంది పీల్చేంత గాలిని ఒక్కటే పీలుస్తున్నది.

ఆ గాలి ఎక్కడిది? మన రోడ్డుదే. మెట్రో పనులు, తవ్విన కాలువలు, కట్టడాల దగ్గర పోసిన ఇసుక, ముందు పోతున్న టిప్పరు లేపిన దుమ్ము, అన్నీ అందులో ఉంటాయి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఘనపు మీటరు గాలిలో ఒక మిల్లీగ్రాము ధూళి ఉన్నదనీ, బండి గంటకు సగటున 150 ఘనపు మీటర్ల గాలి పీలుస్తున్నదనీ అనుకుందాం. రోజుకు ఎనిమిది గంటలు, ఏడాదికి మూడువందల రోజులు నడిస్తే 360 గ్రాముల ధూళి ఫిల్టర్ వద్దకు చేరుతుంది. నూటికి తొంభైతొమ్మిదిన్నర వంతులు ఆపే ఫిల్టర్ అయితే లోపలికి పోయేది 1.8 గ్రాములు. తొంభైఎనిమిది వంతులు ఆపేదైతే 7.2 గ్రాములు. చెవికి ఒకటిన్నర శాతమే తేడా. ఇంజనుకు మాత్రం నాలుగు రెట్లు. దుకాణంలో ‘ఇది కూడా తొంభైఎనిమిది శాతం ఆపుతుంది సార్’ అన్నప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ధూళి లోపలికి పోతే ఏమవుతుంది?

ఇంజనుకు కీడు చేసేది కంటికి కనిపించే ఇసుక రేణువు మాత్రమే కాదు. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. ఐదు నుంచి ఇరవై మైక్రాన్ల ధూళి కంటికి సరిగా ఆనదు. కాని పిస్టన్ రింగుకు, లైనరుకు నడుమ ఉండే పలుచని ఆయిల్ పొరలో అది చేరి సానరాయిలా అరగదీస్తుంది. రింగులు అరిగితే కంప్రెషన్ తగ్గుతుంది. ఉదయం బండి స్టార్ట్ కావడానికి ఇబ్బంది పడుతుంది. ఇంజను ఆయిల్ తాగడం మొదలవుతుంది. బ్రీదర్ గొట్టం నుంచి పొగ కొడుతుంది. అప్పటికి మనకు తెలిసేది ‘ఇంజను పనికి వచ్చింది’ అని. కాని ఆ పని ఎప్పుడో, ఫిల్టర్ మార్చిన రోజునే మొదలై ఉంటుంది. ఫిల్టర్ ధర వందల రూపాయల్లో ఉంటుంది. ఇంజను విప్పి లైనర్లు, పిస్టన్లు, రింగులు మార్చే ఖర్చు వేలల్లో ఉంటుంది. బండి ఆగిన రోజుల బాడుగ దానికి అదనపు నష్టం.

టర్బో సంగతీ ఇంతే. గాలిని నెట్టే ఆ చిన్న చక్రం నిమిషానికి లక్ష చుట్లకు మించి తిరగగలదు. అంత వేగంలో ధూళి తగిలితే రెక్కల అంచులు అరుగుతాయి. ఫిల్టర్ బిగించేటప్పుడు జారిపడిన ఒక చిన్న నట్టు, మరచిపోయిన ఒక గుడ్డపీలిక దానిని ఒక్క క్షణంలో పాడు చేయగలవు.

ఇక్కడ కాగితపు ఫిల్టర్ గురించి చాలామందికి తెలియని ఒక విశేషం చెప్పాలి. కొత్త ఫిల్టర్ కంటే కొద్దిగా ధూళి పట్టిన ఫిల్టరే బాగా వడపోస్తుంది. కాగితం మీద చేరిన ధూళి పొర కూడా జల్లెడగా పనిచేస్తుంది. కనుక కొంచెం నల్లబడగానే ఫిల్టర్ చెడిపోయిందని భయపడనక్కరలేదు. దానిని రోజూ తీసి దులపడం మేలు కంటే కీడే చేస్తుంది.

లాగుడు నిజంగా పెరుగుతుందా?

ఇప్పుడు అసలు వాదనకు వద్దాం. ఫిల్టర్ గాలికి కొంత అడ్డు అన్నది నిజం. ఆ అడ్డు ఎంత? దానిని నీటి మట్టంతో కొలుస్తారు. సముద్రతీరంలో గాలి ఒత్తిడి సుమారు పది మీటర్ల ఎత్తైన నీటి స్తంభానికి సమానం. ఇంజను పూర్తి భారంతో పనిచేసేటప్పుడు శుభ్రమైన ఫిల్టర్, దాని పెట్టె కలిసి సాధారణంగా పది నుంచి ఇరవైఐదు సెంటీమీటర్ల నీటి మట్టమంత అడ్డు కలిగిస్తాయి. అంటే మొత్తం ఒత్తిడిలో ఒకటి, రెండు వంతులు. పెద్ద ఫిల్టర్ వేసి ఈ అడ్డును సగానికి తగ్గించామనుకున్నా, దక్కేది సుమారు నూటికి ఒక వంతు.

దీనిని మన ఊరితో పోల్చి చూడండి. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్నది. ఇక్కడి గాలి ఒత్తిడి తీరప్రాంతంతో పోలిస్తే సుమారు పది శాతం తక్కువ. విజయవాడలో ఎక్కించిన లోడుతో ఇక్కడికి వచ్చిన బండి, ఘాట్ ఎక్కిన తరువాత గాలిలో పదో వంతు కోల్పోతుంది. టర్బో ఉన్న ఇంజను దానిని చాలావరకు సర్దుకుంటుంది. టర్బో లేని పాత చిన్న బండికి ఆ తేడా తెలుస్తుంది. పదో వంతు తేడానే సర్దుకుని నడిచే ఇంజనుకు, ఫిల్టర్ మార్పుతో వచ్చే ఒక వంతు వల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఇంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉన్నది. డీజిల్ ఇంజను శక్తిని నిర్ణయించేది లోపలికి చిమ్మే డీజిల్ పరిమాణం. గాలి అందులో ఎప్పుడూ మిగులుగానే ఉంటుంది. డీజిల్ పెంచకుండా గాలి మాత్రమే పెంచితే శక్తి పెరగదు. అందుకే కొందరు ఫిల్టర్‌తో పాటు చిప్ కూడా పెట్టించి డీజిల్ పెంచుతారు. అప్పుడు లాగుడు పెరుగుతుంది. దానితో పాటు పొగ, వేడి, క్లచ్ మీద, గేరుబాక్సు మీద భారమూ పెరుగుతాయి.

మరి ఫిల్టర్ వేసిన వెంటనే బండి హుషారుగా ఉన్నదని డ్రైవర్లు చెబుతారు కదా? దానికి రెండు కారణాలు ఉండవచ్చు. మొదటిది చప్పుడు. మూత లేని ఫిల్టర్ గాలి పీల్చే శబ్దాన్ని, టర్బో ఈలను బయటికి వినిపిస్తుంది. చెవికి వినపడిన జోరును కాలు కూడా నమ్ముతుంది. రెండవది పాత ఫిల్టర్ స్థితి. పూర్తిగా పూడుకుపోయిన ఫిల్టర్ తీసి ఏ కొత్త ఫిల్టర్ పెట్టినా తేడా కనిపిస్తుంది. ఆ ఘనత పెద్ద ఫిల్టర్‌ది కాదు, శుభ్రమైన ఫిల్టర్‌ది.

మైలేజీ గురించి ఒక మాట. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో పెట్రోలు కార్ల మీద జరిపిన పరీక్షల్లో, ఫిల్టర్ పూడుకుపోయినా ఆధునిక ఇంజన్లలో మైలేజీ చెప్పుకోదగినంత తగ్గలేదని, వేగం అందుకోవడం మాత్రం మందగించిందని తేలింది. అవి పెట్రోలు కార్లు కనుక ఆ ఫలితాన్ని మన డీజిల్ బండికి యథాతథంగా అన్వయించలేము. అయినా పూడిన ఫిల్టర్‌కు, శుభ్రమైన ఫిల్టర్‌కు మధ్యనే మైలేజీ అంతగా మారనప్పుడు, శుభ్రమైన చిన్న ఫిల్టర్‌కు, శుభ్రమైన పెద్ద ఫిల్టర్‌కు మధ్య ఎంత మారగలదో ఆలోచించుకోవచ్చు. టైర్లలో సరైన గాలి, మితమైన లోడు, సిగ్నల్ దగ్గర ఆపివేసిన ఇంజను మన డీజిల్ ఖర్చును ఇంతకంటే ఎక్కువగా తగ్గిస్తాయి.

ఈ అలవాటు ఎక్కడిది?

పెద్ద ఫిల్టర్ అన్న ఆలోచన పూర్తిగా అబద్ధం కాదు. అమెరికాలో డాడ్జ్ పికప్ వాహనాలకు కమిన్స్ సంస్థవారి 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండేది. అక్కడి యజమానులు బరువైన ట్రైలర్లు లాగడానికో, పందేలకో ఆ ఇంజనుకు పెద్ద టర్బోలు, పెద్ద ఇంజెక్టర్లు అమర్చి శక్తిని బాగా పెంచుకునేవారు. అంత గాలిని కంపెనీ పెట్టె ఇవ్వలేదు కనుక పెద్ద ఫిల్టర్ వారికి అవసరమైంది. ఇంజను మొత్తం మారిన తరువాత చేసిన మార్పు అది. ఆ వీడియోలు చూసి, ఏ మార్పూ లేని మన రెండున్నర లీటర్ల ఇంజనుకు, ఏడువందల సీసీ చిన్న బండికి అదే ఫిల్టర్ బిగించడం, పహిల్వాను ఆహారాన్ని పసిపిల్లవాడికి పెట్టడం వంటిది.

మన దేశంలో కూడా పెద్ద ఫిల్టర్‌కు న్యాయమైన చోటు ఉన్నది. రాతి క్వారీలలో, క్రషర్ల దగ్గర, ఇటుక బట్టీల దారుల్లో తిరిగే బండికి ఫిల్టర్ తొందరగా నిండిపోతుంది. వడపోసే కాగితం వైశాల్యం పెరిగితే గాలి దాని గుండా మెల్లగా పోతుంది, ధూళి పట్టుకునే శక్తి పెరుగుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. అక్కడ పెద్ద ఫిల్టర్ కోరేది లాగుడు కోసం కాదు, ధూళి కోసమే. మన ఊళ్ళలో ట్రాక్టర్లకు ఆయిల్ గిన్నె ఉన్న ఫిల్టర్, దాని పైన ముతక దుమ్మును సుడితిప్పి వేరుచేసే గిన్నె మీరంతా చూసినవే. దుక్కి దుమ్ములో ట్రాక్టరు ఏళ్ళ తరబడి పనిచేయడానికి అటువంటి ఏర్పాటే కారణం. బండి పనిని బట్టి వడపోత ఉండాలన్నది మనవారికి కొత్త సంగతి కాదు.

నగరంలో వచ్చే చిక్కులు

మొదటి చిక్కు వేడి. శంఖం ఆకారంలో ఉండే మూత లేని ఫిల్టర్‌ను బానెట్ లోపల బిగిస్తే అది ఇంజను వేడి గాలినే పీలుస్తుంది. ముప్పై డిగ్రీల గాలి యాభై డిగ్రీలకు వేడెక్కితే సుమారు ఆరు శాతం పలుచబడుతుంది. ఒక వంతు లాభం కోసం ఆరు వంతులు పోగొట్టుకోవడమన్నమాట. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు ఈ నష్టం మరీ ఎక్కువ. కంపెనీ పెట్టె గొట్టం ముందువైపు నుంచి చల్లని గాలి తీసుకునేటట్లు అమర్చింది ఇందుకే.

రెండవ చిక్కు నూనె. కడిగి మళ్ళీ వాడుకోవచ్చని అమ్మే నూలు ఫిల్టర్లకు ప్రత్యేకమైన నూనె రాయాలి. అది ఎక్కువైతే గాలితో పాటు కొట్టుకుపోయి, గాలిని కొలిచే సెన్సార్ తీగ మీద పేరుకుంటుంది. సెన్సార్ తప్పు లెక్క చెబితే ఇంజను కంప్యూటర్ పొగను అదుపుచేసే ఏర్పాట్లను తప్పుగా నడుపుతుంది. నూనె తక్కువైతే ధూళి ఆగదు.

మూడవది గొట్టం కొలత. ఆ సెన్సార్ ఒక నిర్ణీత వ్యాసం గల గొట్టానికి సరిపడేటట్లు తయారై ఉంటుంది. పెద్ద ఫిల్టర్ కోసం గొట్టం మార్చి సెన్సార్‌ను అందులో పెడితే, అది పోతున్న గాలిని సరిగా లెక్కించలేదు.

నాల్గవది సందు. ఫిల్టర్ ఎంత మంచిదైనా, దాని రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే, క్లాంపు వదులైతే, గాలి ఆ సందు గుండానే పోతుంది. ధూళి కూడా దానితోనే పోతుంది. బయట చూస్తే పెద్ద ఫిల్టర్ మెరుస్తూ ఉంటుంది, లోపల వడపోత లేని గాలి నడుస్తూ ఉంటుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇక్కడ అక్షరాలా సరిపోతుంది.

ఐదవది నీరు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు ప్రాంతం ఎలా మునిగిందో మీకు తెలుసు. ఫిల్టర్‌ను కిందికి, బంపరు వెనుకకు దించి అమర్చిన బండి నిలిచిన నీటిలోకి పోతే ఇంజను నీటిని పీలుస్తుంది. గాలిని నొక్కవచ్చు, నీటిని నొక్కలేము. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు ఆ నీరు అడ్డుపడి కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నీటిలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయవద్దు. తోయించి బయటికి తీసి, ఫిల్టర్ పెట్టె విప్పి చూసిన తరువాతనే తాళం తిప్పాలి. ఈ జాగ్రత్త కంపెనీ ఫిల్టర్ ఉన్న బండికీ వర్తిస్తుంది.

అయినా అమర్చవలసి వస్తే

క్వారీ పని వంటి నిజమైన అవసరం ఉండి పెద్ద ఫిల్టర్ అమర్చదలచినవారు ఈ నియమాలు పాటించాలి.

ఒకటి, ఐఎస్ఓ 5011 పరీక్ష ప్రకారం ఎంత ధూళి ఆపుతుందో తయారీదారు రాసి ఇచ్చిన ఫిల్టర్‌నే కొనాలి. గాలి ఎంత ఎక్కువ పోతుందో మాత్రమే చెప్పి, ధూళి ఎంత ఆగుతుందో చెప్పనివాటిని పక్కన పెట్టాలి.

రెండు, మూత ఉన్న పెట్టెలోనే ఫిల్టర్ ఉండాలి. గాలి బానెట్ బయటి నుంచి, ఎత్తైన చోటు నుంచి రావాలి. పెట్టె అడుగున ధూళి, నీరు జారిపోయే రబ్బరు నోరు ఉండాలి.

మూడు, పెట్టె బరువు టర్బో గొట్టం మీద వేలాడరాదు. దానికి వేరే బ్రాకెట్ ఉండాలి. గొట్టం పీల్పుకు ముడుచుకుపోని గట్టి రకమై ఉండాలి. మలుపుల దగ్గర బాడీకి రాసుకోకూడదు.

నాలుగు, గాలి కొలిచే సెన్సార్ ఉన్న గొట్టాన్ని మార్చకూడదు. బ్రీదర్ గొట్టాన్ని ఎప్పటిచోటనే తిరిగి కలపాలి. దానిని ఊడదీసి రోడ్డు మీదికి వదలకూడదు.

ఐదు, పని జరుగుతున్నంతసేపు టర్బో వైపు నోటిని శుభ్రమైన మూతతో కప్పి ఉంచాలి. బిగించే ముందు లోపల ఏమీ మిగల్లేదని దీపం వేసి చూడాలి.

ఆరు, ఐదువందల కిలోమీటర్లు నడిపిన తరువాత ఫిల్టర్ దాటిన గొట్టం లోపల తెల్లని గుడ్డతో తుడిచి చూడాలి. గుడ్డకు దుమ్ము అంటితే ఎక్కడో సందు ఉన్నట్లే. వెంటనే బండి ఆపి సరిచేయించాలి.

ఏడు, కంపెనీ పెట్టెను పారవేయవద్దు. వారంటీ ఉన్న బండి అయితే సర్వీసు కేంద్రంలో ముందుగా అడిగి, వారి సమాధానం కాగితం మీద తీసుకోవాలి.

ఉన్న ఫిల్టర్‌ను కాపాడుకోవడం

మనలో నూటికి తొంభై మందికి పై నియమాల అవసరమే రాదు. మనకు కావలసింది ఉన్నదానిని శ్రద్ధగా చూసుకోవడం.

యజమాని పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లకు ఫిల్టర్ మార్చండి. దుమ్ము దారుల్లో తిరిగేవారు అంతకు ముందే మార్చండి. అడ్డును చూపే సూచిక ఉన్న బండి అయితే అది ఎర్రగా మారినప్పుడు మార్చండి. చాలా డీజిల్ ఇంజన్లకు యాభై, అరవై సెంటీమీటర్ల నీటి మట్టమంత అడ్డు వచ్చినప్పుడు మార్చాలన్నది వాడుక.

కాగితపు ఫిల్టర్‌ను నేలకు, టైరుకు కొట్టి దులపవద్దు. అంచు వంగిపోతుంది. పంక్చర్ షాపులో కంప్రెసర్ గాలి పూర్తి జోరుతో కొట్టించవద్దు. కాగితంలో కంటికి కనబడని చిల్లులు పడతాయి. తయారీదారు గాలి కొట్టవచ్చని చెప్పిన రకమైతే, తక్కువ ఒత్తిడితో, లోపలి నుంచి బయటికి మాత్రమే కొట్టాలి. నీటితోగాని, డీజిల్‌తోగాని, పెట్రోలుతోగాని కడగకూడదు. అనుమానం వస్తే లోపల బల్బు పెట్టి చీకటిలో చూడండి. ఒక్క చుక్క వెలుగు నేరుగా కనిపించినా ఆ ఫిల్టర్ పనికిరాదు.

కొత్త ఫిల్టర్ పెట్టేముందు పెట్టె లోపలి భాగాన్ని తడిగుడ్డతో తుడవండి. క్లిప్పులన్నీ బిగించండి. గొట్టం మీద పగుళ్ళు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. ఇది పది నిమిషాల పని. అసలు ఫిల్టర్ల పేరుతో నాసిరకం వస్తువులు కూడా మార్కెట్లో ఉంటాయి. బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

పొగ, చట్టం, పక్కింటి పిల్లవాడు

చివరగా పౌరులుగా మన బాధ్యత. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు నిర్దేశించి ఆర్‌సీలో నమోదైన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. ఫిల్టర్ ఒక్కటి మార్చినంత మాత్రాన ఆర్‌సీ వివరాలు మారకపోవచ్చు. కాని దానికోసం బాడీ కోయడం, చిప్ పెట్టి ఇంజను శక్తి పెంచడం, పొగ అదుపు ఏర్పాట్లను తీసివేయడం వేరే సంగతులు. కాలుష్య ప్రమాణాలను మీరితే, 2019 సవరణ తరువాత 190వ సెక్షన్ కింద పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లైసెన్సు మీద మూడు నెలల అనర్హత ఉండవచ్చు. డ్రైవర్‌కు మూడు నెలలు లైసెన్సు లేకపోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు.

పొగ పరీక్షలో బీఎస్-4 డీజిల్ వాహనానికి పొగ సాంద్రత హద్దు మీటరుకు 1.62. అంతకు ముందు తరం వాహనాలకు 2.45. పరీక్ష చేసేవారిని ఆ అంకె అడిగి రాసి పెట్టుకోండి. హద్దులోపలే ఉన్నా, గతసారి కంటే అంకె బాగా పెరిగితే ఫిల్టర్ గాని, ఇంజెక్టర్ గాని శ్రద్ధ కోరుతున్నదని అర్థం. పాసయ్యామన్న సంతోషంతో ఆ కాగితాన్ని మడిచి పెట్టేస్తే దానిలోని సమాచారం వృథా అవుతుంది. బీఎస్-6 డీజిల్ వాహనాల్లో చాలావాటికి పొగగొట్టంలోనే మసిని పట్టే మరో వడపోత ఉంటుంది. ధూళి వల్ల రింగులు అరిగి ఇంజను ఆయిల్ మండడం మొదలైతే ఆ ఖరీదైన వడపోత కూడా పూడుకుపోతుంది.

మన బండ్లు రాత్రి నిలిచేది మన ఇళ్ళ ముందే. తెల్లవారి స్టార్ట్ చేసినప్పుడు వచ్చే పొగను మొదట పీల్చేది మన వీధి పిల్లలే, బడికి నడిచిపోయే మన పిల్లలే. ఇంజనుకు ఫిల్టర్ ఉన్నది. ఆ పిల్లవాడి ముక్కుకు ఏ ఫిల్టరూ లేదు. ఈ నగరంలో మనం అద్దెకున్నా, సొంత ఇంట్లో ఉన్నా, ఓటు ఇక్కడ ఉన్నా, ఊళ్ళో ఉన్నా, పీల్చే గాలి మాత్రం ఇక్కడిదే.

యజమానులకు ఒక మాట. బండి నడిపే డ్రైవర్ ఫిల్టర్ మార్చాలని చెప్పినప్పుడు, వచ్చే నెల చూద్దామని వాయిదా వేయకండి. డ్రైవర్లకు ఒక మాట. మెకానిక్ అన్నతో మొహమాటపడకండి. ‘అన్నా, ఇది ధూళిని ఎంత ఆపుతుంది? గాలి ఎక్కడి నుంచి తీసుకుంటుంది? సెన్సార్ గొట్టం మారుస్తున్నావా?’ అని మూడు ప్రశ్నలు అడగండి. నిజం తెలిసిన మెకానిక్ ఓపికగా జవాబు చెబుతాడు. జవాబు చెప్పకుండా ‘అందరూ వేయిస్తున్నారు’ అని మాత్రమే అన్నచోట డబ్బు తీయకండి. పెద్ద ఫిల్టర్ కోసం దాచుకున్న సొమ్ముతో రెండు మంచి కంపెనీ ఫిల్టర్లు కొని ఇంట్లో పెట్టుకోండి. ఈసారి పొగ పరీక్షకు ఒక వారం ముందు, ఆ పెట్టె మూత మీరే స్వయంగా తీసి చూడండి.